పోర్టికోలో బండి

మా అన్న కారు తలుపు వేసే పద్ధతి వేరు. చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, లోపల టిక్కుమన్న శబ్దం వినిపించాక తుంటితో మెల్లగా ఒత్తుతాడు. చేత్తో నెట్టడు. వేరే ఎవరైనా నెడితే తన చెంప మీద పడినట్టు కళ్ళు మూసుకుంటాడు. ఒకసారి వదిన తరఫు బంధువు ఒకాయన తలుపు గట్టిగా వేశాడు. అన్న దిగి, అటువైపు వెళ్ళి, ఆ తలుపు మళ్ళీ తెరిచి, తన పద్ధతిలో వేసి వచ్చి కూర్చున్నాడు. "అది పాలబూతు షట్టరు కాదు బావా" అన్నాడు. ఆ బావ మళ్ళీ మా కారు ఎక్కలేదు. అన్నకు అది నష్టంగా తోచలేదు.

ఎక్కడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు వెనక్కి తిరిగి సీటు మీద కూర్చోవాలి. కాళ్ళు బయటే ఉండాలి. చెప్పులు ఒకదానికొకటి తట్టి దుమ్ము రాల్చాలి. ఆ తర్వాతే కాళ్ళు లోపలికి తీసుకోవాలి. వదిన కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇది చూసి నవ్వింది. ఇప్పుడు ఆటో ఎక్కినా అలాగే చేస్తుంది. ఆటోవాళ్ళు అద్దంలోంచి వింతగా చూస్తారు.

తుడవడానికి పాత పంచె చింపిన గుడ్డలున్నాయి. అద్దాలకు ఒకటి, ఒంటికి ఒకటి, చక్రాలకు ఒకటి. ఉతికాక దేని తాడు మీద దాన్ని ఆరేయాలి. ఒకదాని నీళ్ళు ఇంకొకదాని మీద కారకూడదు.

"నా చీరలన్నిటికీ కలిపి ఒక దండెం. దాని గుడ్డలకు దేని దండెం దానికి" అని వదిన అంటూ ఉంటుంది.

"చీరకు గీత పడదు గదా" అని అన్న జవాబు.

తుడిచేటప్పుడు పైకప్పు నుంచి కిందికే రావాలి. కింద తగిలిన గుడ్డ మళ్ళీ పైకి పోకూడదు. పెట్రోలు పొద్దున చల్లటి పూటే, అదీ ఒక్క బంకులోనే. బంకులో ట్యాంకరు నిలబడి ఉంటే ఆ రోజు పోయించడు. అడుగున మడ్డి కదిలి ఉంటుందంటాడు. నడిపేటప్పుడు పాటలు పెట్టనివ్వడు, ఇంజను వినాలి. టైర్ల మీద సుద్దముక్కతో చిన్న గీత గీస్తాడు. ఆ గీత ఒక రోజు కిందికి వస్తే మర్నాడు పక్కకు రావాలి, ఆ పైరోజు పైకి పోవాలి. ఒకే చోట బరువు మోస్తే టైరు అరుగుతుందట. తాళం వేశాక వీధి మలుపు దాకా నడుస్తాడు, వెనక్కి వస్తాడు, పిడి లాగి చూసి మళ్ళీ పోతాడు. తాళం వేసినట్టు తనకు తెలుసు. అయినా వస్తాడు.

ఆయుధపూజ నాడు ఊళ్ళో బండి ఉన్న ప్రతివాడూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాడు, ముందర బూడిద గుమ్మడికాయ పగలగొడతాడు. అన్నకు దైవభక్తి ఉంది కానీ నిమ్మరసం రబ్బరుకు మంచిది కాదని కూడా తెలుసు. అందుకని నిమ్మకాయలు తొక్కించిన వెంటనే బకెట్టు నీళ్ళతో టైర్లు కడుగుతాడు. గుమ్మడికాయను బండి ముందర కాక, వీధి అవతల పగలగొడతాడు. "దిష్టి ఎవురికి తీసినట్టు, ఎదురింటోళ్ళకా?" అని వదిన అడిగేది. గుమ్మడి గుజ్జు బంపరు మీద పడకపోతే చాలు అన్నకు.

అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. బండి వినేటట్టు అమ్మకం మాట ఎత్తకూడదు. గుండ్రటి వీపున్న పాత నల్ల కారు కాబట్టి దారిన పోయేవాళ్ళు ఆగి అడుగుతుంటారు, ఇస్తారా అని. అన్న ఆ మనిషి మోచెయ్యి పట్టుకుని కాస్త దూరం తీసుకుపోయి, అక్కడ నిలబెట్టి, ఇవ్వను అని చెప్పి వస్తాడు. ఇవ్వనని చెప్పడానికి కూడా దూరం తీసుకుపోతాడు.

వీటిని చూసి నవ్వేవాళ్ళున్నారు. నేను నవ్వలేదు. నాకు నా కారణం ఉంది.

మా తాతగారు మద్రాసులో కోడంబాక్కం సినిమా స్టూడియోలకు కార్లు అద్దెకిచ్చేవారు. తెర మీద జమీందారు దిగినా, దొంగ పారిపోయినా, పెళ్ళికూతురు ఏడుస్తూ పోయినా అది మా కారే. సాయంత్రం అవి ఒకటి తర్వాత ఒకటి పురసవాక్కంలోని మా ఇంటికి తిరిగి వచ్చేవి. ఇంటి ముందు పోర్టికో. లావాటి గుండ్రటి స్తంభాలు, ఎర్ర సిమెంటు నేల. తాతగారి స్వంత కారు మాత్రమే ఆ పోర్టికోలో నిలబడేది. పని మీద వచ్చినవాళ్ళు, ఎంతటి పేరున్నవాళ్ళయినా, పిలిచేదాకా ఆ స్తంభాల దగ్గర ఆగేవారు. నేను చాలా చిన్నవాణ్ణి. అయినా వాళ్ళు ఆగి ఉండడం గుర్తుంది.

తర్వాత తెలుగు సినిమాలు హైదరాబాదుకు పోయాయి. మా నాన్న పోలేదు. అద్దెకు గిరాకీ వెతుక్కుంటూ ఊరు మారడం ఆయనకు తోచలేదు. ఈ ఒక్కటి తప్ప కార్లన్నీ పోయాయి. నగలు పోయాయి. చివరికి ఇల్లు పోయింది. కొన్నది అదే వీధిలో బట్టల కొట్టు నడిపే పెద్దమనిషి. ఆయన పూర్వులు కూడా మావాళ్ళలాగే ఎప్పుడో చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. రిజిస్ట్రీ అయిన రోజు ఆయన చేతులు జోడించి, "మీ బండి ఒకటి పోర్టికోలో ఉండనీండి. మీకు బండి ఉన్నన్నాళ్ళూ ఆ చోటు మీదే" అన్నాడు. దానికి కాగితం లేదు. నాన్న అడగలేదు. మాట ఇచ్చినవాణ్ణి కాగితం అడగడం ఆ మనిషిని అవమానించడమని ఆయన నమ్మకం.

కానీ ఆ మాటకు రెండో వైపు ఉందని నాన్నకు తెలుసు. బండి అక్కడ నిలబడి ఉంటేనే చోటు మాది. అందుకని ఆయన ఒక నియమం పెట్టాడు. పగలు ఎక్కడ తిరిగినా రాత్రికి బండి పోర్టికోలో ఉండాలి. "రాత్రికి అది ఆడ నిలబడాల" అనేవాడు. దూరపు ఊళ్ళలో పెళ్ళిళ్ళయితే మేము బస్సులో పోయాం. కారు పెట్టుకుని బస్సులో పోవడం ఏమిటని చుట్టాలు అడిగేవారు. మేము కారణం చెప్పలేదు. నాన్న పోయాక ఆ నియమం అన్నకు వచ్చింది. అన్న ఒక్క రాత్రి కూడా తప్పలేదు.

ఇల్లు పడగొట్టి బట్టల కొట్టును అంతస్తుల మీద అంతస్తులుగా లేపారు. పోర్టికోను మాత్రం ఉంచారు. స్తంభాలు కొట్టుకు అందంగా ఉంటాయన్నాడట పెద్దమనిషి. ఇప్పుడు స్తంభాల మీద రంగు లైట్లు వెలుగుతాయి. లోపల చీర కట్టిన బొమ్మలు నిలబడి ఉంటాయి. సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు మా కారు పక్కనుంచి లోపలికి పోతారు, బయటికి వస్తారు. దీపావళి రద్దీలో కూడా ఎవరూ మమ్మల్ని బండి తీయమని అడగలేదు. పెద్దమనిషి పోయాడు. ఆయన కొడుకూ పోయాడు. ఇప్పుడు మనవడు చూసుకుంటున్నాడు.

మేము రెండు వీధుల వెనక, ఒక మేడ మీది పోర్షనులో అద్దెకుంటాం. అన్న, వదిన, నేను. నేను పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు వచ్చిన కాలంలో నాన్నకు ఏ ఇల్లూ మా ఇంటికి తగినట్టు కనిపించలేదు. తగినవాళ్ళకు మేము కనిపించలేదు. ఒక ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను.

పొద్దున అన్న గుడ్డలు తీసుకుని బయలుదేరితే నేనూ వెనక పోతాను. అన్న తుడుస్తాడు. నేను తుడవను. స్తంభాల మధ్య, బండి పక్కన నిలబడతాను. కొట్టు అప్పటికి తెరవరు. అది నా వ్యాయామమని వీధిలోవాళ్ళు అనుకుంటారు. ఈ నగరంలో నేను వేరే ఎక్కడ నిలబడినా ఎవరిదో చోటులో ఉన్నవాణ్ణి. అద్దె ఇంట్లోనూ అంతే. ఆ ఎర్ర నేల మీద మాత్రం నన్ను ఎవరూ ఏం కావాలని అడగరు. ఆ చోటు ఉండడం కోసమే బండి ఉందని, బండి నిలవడం కోసమే అన్నకు ఆ అలవాట్లన్నీ ఉన్నాయని నేను అనుకునేవాణ్ణి. మా ఇద్దరి మధ్య ఆ మాట ఎప్పుడూ రాలేదు. రావలసిన అవసరం ఉందని నాకు తోచలేదు.

ఈ మధ్య వానాకాలంలో తుపాను నేరుగా చెన్నై మీదికే వస్తోందన్నారు. ఈ ఊళ్ళో కారున్నవాళ్ళకు ఇప్పుడొక అలవాటు ఏర్పడింది. పెద్ద వాన అని తెలియగానే బండ్లను తీసుకుపోయి ఫ్లైఓవర్ల మీద వరసగా నిలబెడతారు. ఇంట్లో బియ్యం ఉన్నాయా అని చూసుకోకముందే వంతెన మీద చోటు ఉందా అని చూసుకుంటారు. మేము అంతకు ముందెన్నడూ ఆ పని చేయలేదు. మా పోర్టికో ఎత్తుగా ఉండేది. కానీ వీధి మీద తారు వేసి, దాని మీద మళ్ళీ తారు వేసి, తాతగారి కాలంలో నడుమెత్తు ఉన్న పోర్టికో ఇప్పుడు వీధి కన్నా జానెడు ఎత్తే మిగిలింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అన్న అన్నాడు, "ఈసారి ఈడ పెడితే మునుగుతుందిరా. పెరంబూరు పక్క వంతెన మీదికి ఎక్కిస్తా."

"రాత్రికి ఆడ ఉండాల గదా" అన్నాను.

"ఒక రాత్రి, రెండు రాత్రులు. ఎవురు చూస్తారు?"

"నాయన ఒక్క రాత్రీ తప్పనీలేదు."

"నాయనకు ఇట్లాంటి వానలు తెలీవులే. అప్పుడు చెరువులు ఉండె, నీళ్ళు పోను చోటుండె."

వదిన రసం పోస్తూ, "ఇంట్లో కొవ్వొత్తి ఉందా అని ఒక్కరన్నా అడిగినారా? ఇద్దరికీ అదే పురాణం" అంది.

"మనం మేడ మీదుండాం గదా. మనకేం భయం?" అన్నాడు అన్న. నా వైపు తిరిగి, "అది మునిగిపోతే చోటు పెట్టుకోని ఏం చేస్తావురా?" అన్నాడు.

"చోటు పోతే దాన్ని యాడ పెడతావు?" అన్నాను.

అన్న చెయ్యి కడుక్కున్నాడు. గుడ్డలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నేనూ వెంట వెళ్ళాను. పోర్టికోలోంచి బండి తీసేటప్పుడు వెనక్కి చూడలేదు. వాన అప్పటికి సన్నగా పడుతోంది.

వంతెన మీద ఒక పక్క అప్పటికే చాలా బండ్లు వచ్చి చేరాయి. పోలీసాయన మైకులో ఏదో చెబుతున్నాడు కానీ ఎవరినీ పంపేయడం లేదు. గోడకు దగ్గరగా ఒక సందు దొరికింది. ముందర కాల్ టాక్సీ, వెనక కొత్త కారు. అన్న ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు తీసి, చక్రాలు తిన్నగా వచ్చాకే ఇంజను ఆపాడు.

టాక్సీ నడిపేవాడు సైలెన్సరు గొట్టం మూతికి పాల కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నాడు. ఒంగోలు వైపు మనిషి. మా మాట విని తలెత్తాడు.

"తెలుగోళ్ళా సార్? ఇదేం బండి సార్, మా తాత పెళ్ళి ఫోటోలో ఉన్నట్టుంది."

"మీ తాతకు ఇంత బండి యాడిది?" అన్నాడు అన్న.

"మాది కాదులెండి. ఫోటో స్టూడియోలో పరదా మీద గీసిన బండి." నవ్వాడు. "మీరూ కట్టండి సార్ గొట్టానికి. నీళ్ళు పోతే పొద్దున పలకదు."

"దీని గొట్టం కిందికి వంగుంటుంది. పోవు."

"అయినా కట్టండి. కట్టలేదని రాత్రంతా నిద్ర పట్టదు మీకు. నాకు తెలుసుగా."

అతను ఇంకో కవరు తీసి చాచాడు. అన్న తీసుకున్నాడు. ఇద్దరూ వంగి కట్టారు. వెనక కొత్త కారులో ఒక మధ్యవయసు మనిషి టిఫిన్ బాక్సు తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. సీట్ల మీద కొన్నప్పటి ప్లాస్టిక్ తొడుగులు అలాగే ఉన్నాయి. ఆయన కదిలినప్పుడల్లా కరకరమంటున్నాయి.

"ఆయన రెండేళ్ళుగా ప్లాస్టిక్ తీయలేదంట సార్. అడిగాను. తీస్తే పాతదైపోతుందంట" అన్నాడు టాక్సీ అతను మెల్లగా.

"సరిగ్గానే చెప్పినాడు" అన్నాడు అన్న.

"మా ఆవిడ ఇందాక ఫోన్ చేసింది. తిన్నావా అంటుందేమోనని ఎత్తాను. బండి ఎత్తు మీద పెట్టావా లేదా అంది. అంతే, పెట్టేసింది."

"మంచి ఆడమనిషి" అన్నాడు అన్న.

అన్న అంత తేలిగ్గా ఒక కొత్త మనిషితో మాట్లాడడం నేను చాలా కాలంగా చూడలేదు. వాళ్ళు బ్యాటరీ గురించి, ఎలుకల గురించి, వైపరు రబ్బరు ఎంతకాలం వస్తుందనే దాని గురించి మాట్లాడుకున్నారు. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అతను అన్నను ఏ ఇంటివాళ్ళని అడగలేదు. అన్న చెప్పలేదు.

తుపాను వచ్చింది. కరెంటు పోయింది. వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి, కొన్నిచోట్ల తొడల దాకా. వాన కాస్త తెరపి ఇచ్చినప్పుడల్లా అన్న పంచె ఎగగట్టి వంతెనకు పోయి బండిని చూసి వచ్చేవాడు. నేనూ వెంట పోయాను. మా ఇంటి నుంచి వంతెనకు పోయే దారి ఒకటి, పోర్టికోకు పోయే దారి ఇంకొకటి. పోర్టికో వైపు నేను పోలేదు. బండి లేని పోర్టికోను చూడడం నాకిష్టం లేదు. అన్న ఆ వైపు పోదామని అనలేదు.

వంతెన మీద ఆ రోజుల్లో ఒక ఊరు వెలిసినట్టుండేది. గొడుగులు వేసుకుని వచ్చి, ఎవరి బండి చుట్టూ వాళ్ళు ఒకసారి తిరిగి, అద్దం మీద చెయ్యి పెట్టి లోపలికి చూసి పోయేవారు. ఒకావిడ తన స్కూటరు సీటుకు షవర్ క్యాపు తొడిగింది. ప్లాస్టిక్ తొడుగుల ఆయన దిగనేలేదు. ఇల్లు మునిగిందని, భార్యాపిల్లలు మరదలింట్లో ఉన్నారని, బండి మాత్రం పొడిగా ఉందని చెప్పాడు. ఆ మాట ఆయన బాధగానూ చెప్పలేదు, సంతోషంగానూ చెప్పలేదు. వాన ఎన్ని సెంటీమీటర్లో చెప్పినట్టు చెప్పాడు.

నీళ్ళు తీసి, రోడ్లు కనిపించాక, టాక్సీ అతను అన్నకు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. మేమూ బయలుదేరాం. ఇంజను మొదటిసారికే అందుకుంది. అన్న డ్యాష్‌బోర్డును అరచేత్తో రెండుసార్లు తట్టాడు. వీధుల్లో బురద, గోడల మీద నీళ్ళ గీత, ఎండకు ఆరేసిన పరుపులు. బురద ఎగరకుండా అన్న నడకంత వేగంతో నడిపాడు. పురసవాక్కంలో మా పాత వీధిలోకి తిరిగి, కొట్టు ముందుకు వచ్చి, పోర్టికో వైపు చక్రం తిప్పి ఆపేశాడు.

పోర్టికోలో జనరేటరు ఉంది. రెండు బీరువాలను పక్కపక్కన పడుకోబెట్టినంత పెట్టె. కింద కొత్తగా పోసిన సిమెంటు దిమ్మ, దాని మీద తడి గోనెసంచులు. నాలుగు మూలలా బోల్టులు బిగించారు. స్తంభాల మధ్య అది సరిగ్గా పట్టింది. ఎర్ర నేల అంచులు మాత్రం కనిపిస్తున్నాయి. అంచుల మీద నీళ్ళ గీత లేదు. ఈ వీధిలో నీళ్ళు జానెడు కూడా లేవలేదు, పోర్టికో దాకా రాలేదు. బండి అక్కడే ఉండి ఉంటే చక్రాలు కూడా తడిసేవి కావు.

నాకు కోపం వస్తుందని కాచుకున్నాను. రాలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు అది ఎవరి కాలో అన్నట్టుంటుంది. అలా ఉంది.

వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. అన్న ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నాడు. కొట్టులోంచి మనవడు బయటికి వచ్చాడు. మర్యాద తెలిసిన కుర్రవాడు, ముప్పైకి లోపే ఉంటాడు. ఇంట్లో తెలుగు, మిగతా అంతా తమిళం.

"వాంగ అంకుల్, రండి. వానలో బాగుండారా? ఆంటీ బాగుండాదా?"

"అందరం బాగుండాం" అన్నాడు అన్న.

"సారీ అంకుల్. డ్రైనేజీ పొంగి బేస్‌మెంట్ పూరా నీళ్ళు. పాత జనరేటరు మునిగిపోయింది. కొత్తది పెట్టేదానికి ఎత్తుగా ఈ చోటు ఒకటే ఉండె. మీ బండి కూడా లేదు. రెండు దినాలు చూసినాం. ఆ తర్వాత మా మేనేజరు చెప్పినాడు, వాళ్ళు అమ్మే..."

అన్న అప్పటికే దిగాడు. ఆ కుర్రవాడి మోచెయ్యి పట్టుకుని స్తంభం అవతలి దాకా తీసుకుపోయాడు. అక్కడ వాళ్ళు మాట్లాడుకున్నారు. నేనూ దిగి దగ్గరికి వెళ్ళాను.

"అమ్మేసినారనుకున్నాం అంకుల్. ఎప్పుడూ లేకుండా ఉండదు గదా ఆ బండి. మీకు ఫోన్ చేద్దామంటే నెంబరు మా దగ్గర లేదు. ఇన్ని నాళ్ళు పక్కనే ఉండారు, నెంబరు లేదు చూడండి" అంటున్నాడు.

నిజమే. నాన్న కాలం నుంచి మేము ఆ కొట్టువాళ్ళకు ఏమీ ఇవ్వలేదు, వాళ్ళ దగ్గర ఏమీ తీసుకోలేదు. పండక్కి బట్టలు కూడా వేరే వీధిలో కొనేవాళ్ళం.

"మీ తాత మాట ఇచ్చినాడు" అన్నాను.

కుర్రవాడు నా వైపు చూశాడు. వాడి ముఖంలో దాచింది ఏమీ లేదు. "ఏం మాట అంకుల్?" అన్నాడు.

చెప్పవచ్చు. రెండు వాక్యాల్లో అయిపోయేది. విన్నాక వాడు బాధపడేవాడేమో. బోల్టులు విప్పించినా విప్పించేవాడేమో, మంచివాడే. కానీ చెప్పడమంటే అడగడమే. ఆ స్తంభాల దగ్గర మావాళ్ళెవరూ ఒకరిని ఏదీ అడగలేదు. నేను తల నిటారుగా పెట్టుకుని, "ఏం లేదు. అన్నా, పోదాం పద" అన్నాను.

అన్న కదల్లేదు.

"నీడుంటే చాలు సార్" అన్నాడు వాడితో. "వెనక పక్క యాడన్నా ఒక చోటు చూపియ్యండి. ఎండ తగలకుంటే చాలు. పైన రేకు అయినా పరవాలేదు."

ఆ కుర్రవాడిని అన్న సార్ అన్నాడు. కుర్రవాడు కూడా కంగారుపడ్డాడు.

"అయ్యో, సార్ ఎందుకు అంకుల్? వెనక కస్టమర్ పార్కింగ్ ఉంది గదా, షెడ్డు. మూలకు పెట్టుకోండి. మీకు టోకెనూ గీకెనూ ఏం వద్దు, నేను వాచ్‌మన్‌కు చెప్తా. రాత్రి గేటు వేస్తారు, ఇంకా సేఫ్."

"కాకులు వాలవు గదా?"

"షెడ్డు లోపల కాకులు ఎట్లొస్తాయి అంకుల్?"

"చాలా సంతోషం" అన్నాడు అన్న. ముఖం నిజంగానే తేలికపడింది.

కుర్రవాడు లోపలికి పోయాడు. మేము బండి దగ్గరికి నడిచాం. నేను అన్నాను, "ఇది తాత నిలబెట్టిన చోటు. ఒక్క మాట అనలేదే నువ్వు."

"అంటే? ఆ డబ్బా లేచి పోతుందా?"

"నాయన ఇన్నేళ్ళు రాత్రికి ఆడ ఉండాలన్నాడు. నువ్వూ పెట్టినావు. ఎందుకు పెట్టినావు మరి?"

అన్న నన్ను చూసిన చూపులో ఆశ్చర్యమే ఉంది. "పైన కప్పుంది గదరా. ఈ వీధిలో కప్పున్న చోటు ఇంకేముంది? బయట పెడితే పెయింటు ఏమయ్యుండు? నువ్వు ఇంకేమన్నా అనుకుంటా ఉన్నావా?"

"లేదు" అన్నాను.

"నీళ్ళు రాలేదు చూసినావా? అనవసరంగా దాన్ని వానలో నిలబెట్టినాం" అని, తనలో తను అనుకున్నట్టు, "పోనీలే. ఆ షెడ్డు మేలే. ఈడ పొద్దుటెండ సూటిగా పడతాది" అన్నాడు. చెప్పులు తట్టుకుని లోపల కూర్చున్నాడు.

వెనకకు పోవాలంటే కొట్టు పక్క సందులోంచి పోవాలి. తాతగారి కాలంలో అది పెరటి దారి. పాలకు గేదె వచ్చేది అటే, కట్టెల బండి వచ్చేది అటే, చాకలి మూటలు వచ్చేవి అటే. మా ఇంట్లో మగవాళ్ళు ఆ దారిన నడిచేవారు కాదు. మా కార్లు ఒక్కటి కూడా అటు పోయిన గుర్తు నాకు లేదు. ఇప్పుడు దానికి బాణం గుర్తు వేసిన బోర్డు తగిలించారు. ఒక పక్క కొట్టు గోడ, ఇంకో పక్క పాత ప్రహరీ. తుపాను నీళ్ళు దిగిన బురద ఇంకా ఆరలేదు.

అన్న సందు మొదట్లో ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఒరే, దిగి ముందర నడవరా. ఎడం పక్క చూసుకో. ఆ గోడ రాసుకుంటే పోయె."

దిగాను. తలుపు తుంటితో ఒత్తాను. బండికి ముందు పోయి దాని వైపు తిరిగి నిలబడ్డాను. వెనక్కి నడవాలి. షెడ్డు వైపు నుంచి సంచులతో వస్తున్న ఆడవాళ్ళు ఇద్దరు గోడకు ఒదిగి నాకు దారి ఇచ్చారు. వాళ్ళు నన్ను పార్కింగు మనిషి అనుకున్నారేమో. వాళ్ళలో ఒకావిడ తమిళంలో, లోపల ఇంకా చోటు ఉందా అని అడిగింది. ఉందన్నాను.

నల్లటి బానెట్టు మెల్లగా నా వైపు వస్తోంది. నేను చెయ్యి ఎత్తి వేళ్ళతో పిలుస్తూ వెనక్కి నడిచాను. కాలి కింద బురద జారుతోంది.

"ఉందారా?" అన్నాడు అన్న.

గోడకూ బండికీ మధ్య చూశాను.

"జానెడుంది" అన్నాను. "రా."